తీర గ్రామాల్లో సముద్ర సంరక్షణ: యువతకు నాయకత్వం ఎలా అప్పగించాలి?

ప్రశ్న: తీర గ్రామాల్లో సంరక్షణ కార్యక్రమాలు చేపట్టినప్పుడు యువతను చెత్త ఏరడానికి మాత్రమే పిలిచి, నిర్ణయాలు తీసుకునే చోట పక్కన పెడుతున్నారు. ఈ తీరు మారాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం 1: డబ్బు దగ్గర మొదలుపెట్టండి. మొత్తం చిన్నదైనా సరే, ఖర్చుపై అధికారం, లెక్క చెప్పే బాధ్యత రెండూ యువతకే ఉండాలి. ఏరిన చెత్తను తెగిన వలలు, సీసాలు, సంచులుగా విడదీసి, తూచి, తేదీతో సహా పుస్తకంలో రాసుకుంటే, ఆ వివరాలే పాలకుల ముందు పెట్టదగిన ఆధారమవుతాయి. ఇండోనేషియాలోని బాలి ద్వీపంలో మెలాటీ, ఇసబెల్ విజ్సెన్ అనే అక్కచెల్లెళ్లు 2013లో, బడి వయసులోనే, ప్లాస్టిక్ సంచులపై ఉద్యమం మొదలుపెట్టారు. అక్కడ నిషేధం వచ్చింది 2019లో. అంత ఓపిక ఉండాలి మరి.

సమాధానం 2: నిజమే, కానీ పెద్దల అనుభవాన్ని కాదని ముందుకు వెళితే పని నిలవదు. మడ మొక్కల సంగతే చూడండి: అలల తాకిడి ఎక్కువగా ఉండి, రోజులో చాలాసేపు నీట మునిగే బురదలో నాటితే అవి సాధారణంగా బతకవు (ఫొటోలు మాత్రం బాగానే వస్తాయి). ఏ పోటుకు నీరు ఎంతవరకు వస్తుందో వేటకు వెళ్లేవారిని అడిగితే చెబుతారు.

సమాధానం 3: యువత వెచ్చించే సమయానికి ఇవ్వాల్సిన భత్యం మాట ఎవరూ ఎత్తలేదు. అది లేకపోతే ఈ నాయకత్వం డబ్బున్నవారి పిల్లలకే దక్కుతుంది.