ఒకే రచన, రెండు రికార్డింగులు: న్యాయంగా పోల్చడం ఎలా?

అందరికీ నమస్కారం. మేం నలుగురు స్నేహితులం నెలకోసారి మాకు నచ్చిన రికార్డింగులు పంచుకుని, కలిసి విని మాట్లాడుకుంటాం. ఈసారి జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్, అంటే ఒక మూల భాగం, దాని మీద అల్లిన రూపాంతరాలు. కెనడా పియానిస్ట్ గ్లెన్ గూల్డ్ పియానో మీద 1955లో వాయించినది ఒకటి, 1981లో వాయించినది ఇంకొకటి. మొదటిది సుమారు 38 నిమిషాలు, రెండోది 51 నిమిషాల దాకా ఉంటుంది. నాకు రెండోదే ప్రాణం. మొదట్లో వచ్చే ఆ మూల భాగాన్ని (దాన్ని ‘ఆరియా’ అంటారు) అంత నెమ్మదిగా, ఒక్కో స్వరాన్నీ ఆలోచించి వదులుతున్నట్టు వాయిస్తుంటే ఊపిరి బిగబట్టి వింటాను.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, రెండిటి సౌండ్ ఒకేలా లేదు. పాతది మోనో, కొత్తది స్టీరియో. పైగా మా ఫైళ్లలో ఒకటి కాస్త గట్టిగా వినిపిస్తుంది. కొంచెం గట్టిగా ఉన్నదే చెవికి బాగున్నట్టు అనిపిస్తుందని తెలుసు కాబట్టి, మా ఇష్టం వాయించిన తీరు మీదా, వాల్యూమ్ మీదా అన్న అనుమానం పట్టుకుంది. నాకైతే ఇది తేలకుండా మనసు ఒప్పుకోవడం లేదు.

చెవితో వాల్యూమ్ సరిచేస్తే సరిపోతుందా, రీప్లేగెయిన్ (ఫైళ్ల వాల్యూమ్‌ని కొలిచి ఒకే స్థాయికి తెచ్చే పద్ధతి) లాంటిది వాడాలా? మోనో, స్టీరియో తేడాని మీరెలా దాటుతారు? నిడివిలో తేడా వేగం వల్లే కాదు, 1981 రికార్డింగులో ఆయన కొన్ని భాగాలను వెంటవెంటనే రెండేసి సార్లు వాయించారు కూడా. మరి వేగాన్ని విడిగా ఎలా పోల్చాలి?

ఒకే కళాకారుడు ఒకే రచనను ఏళ్ల తేడాతో రెండుసార్లు రికార్డు చేసినవి మీకు నచ్చినవుంటే దయచేసి చెప్పండి. ఎందుకు నచ్చాయో కూడా రాయండి, వచ్చే నెల అవే వింటాం.