గ్రిమ్స్‌పౌండ్ గోడ: కోటా, పశువుల దొడ్డా?

రాళ్ళపిచ్చి: ఇంగ్లండ్‌లో డార్ట్‌మూర్ అనే పెద్ద బీడు మీద, హుక్నీ టోర్, హేమెల్‌డౌన్ అనే గుట్టల నడుమ గ్రిమ్స్‌పౌండ్ ఉంది. కంచుయుగం నాటిది. చుట్టూ రాతి గోడ, లోపల 24 గుండ్రటి గుడిసెల పునాదులు. పోయిన నెల చూసొచ్చాను. అంత మందం గోడ గొడ్ల కోసం కట్టారంటే నమ్మబుద్ధి కావట్లేదు. అది కోటే.

మందకాపరి: కోట ఎలా అవుతుందన్నా? రెండు పక్కలా గుట్టలు, పైనుంచి రాళ్ళు దొర్లిస్తే చాలు. పైగా పెద్ద గుమ్మం హేమెల్‌డౌన్ ఎత్తు వైపుకే ఉంది. శత్రువుకు ఎదురుగా గుమ్మం పెట్టేదెవడు, మేతకు తోలుకెళ్ళేవాడు పెడతాడు గానీ! లోపల గోడనానుకుని చిన్న రాతి దొడ్లు, ఓ మూల నుంచి పారే వాగు. మా తాత గొర్రెల దొడ్డి కట్టినా ముందు చూసుకునేది నీళ్ళే.

చిన్నోడు: పేరులోనే పౌండ్ ఉంది కదా, ఇంక చర్చెందుకు? పౌండ్ అంటే మన బందెలదొడ్డే.

మందకాపరి: పేరును నమ్ముకోకు తమ్ముడూ. అది రాతలో మొదట కనిపించేది 1797లో, కట్టినవాళ్ళు పోయిన వేల ఏళ్ళకి. అసలు బందెలదొడ్డి కావాలంటే అదే బీడు మీద డన్నబ్రిడ్జ్ పౌండ్ చూడు. దారితప్పిన పశువుల్ని అందులోకి తోలేవాళ్ళు, జరిమానా కడితేనే వదిలేవాళ్ళు. 1871 చట్టంతో తెల్లవాళ్ళు మన ఊళ్ళలో నడిపిందీ ఈ పద్ధతే.

రాళ్ళపిచ్చి: సరే, పశువులుంటే ఎముకలేవి? 1894లో తవ్వారుగా.

మందకాపరి: అక్కడి నేలలో ఆమ్లం ఎక్కువ, ఎముకలు మిగలవు. మన పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు బూడిద దిబ్బ (రాతియుగపు దొడ్డిలో పేడ కాలి పేరుకున్నది) అదృష్టం వేరు, 1957లో పురావస్తు పరిశోధకుడు ఆల్చిన్ తవ్వితే పశువుల గిట్టల ముద్రలే బయటపడ్డాయి. ఇంకోటి, ఆ 1894 వాళ్ళు తవ్వి ఊరుకోలేదు, కొన్ని రాళ్ళు తిరిగి నిలబెట్టి పేర్చారు కూడా, దానిమీద అప్పుడే గొడవైంది. నువ్వు చూసినదాంట్లో పాతదెంతో, వాళ్ళు పేర్చిందెంతో!

రాళ్ళపిచ్చి: ఇది తెలీదు. కోట మాట వెనక్కి తీసుకుంటా. కానీ గుడిసెల్లో పొయ్యిలు దొరికాయి కదా, ఒట్టి దొడ్డి అంటే ఒప్పుకోను.

మందకాపరి: ఒట్టి దొడ్డి అని ఎవరన్నారు? మనుషులూ గొడ్లూ ఒకే ప్రహరీలో. మా ఇంట్లో ఎద్దులు ఇప్పటికీ వసారాలోనే పడుకుంటాయి.