అమ్మ ఇడ్లీ బండికి స్వనిధి లోన్ ఎట్ల?

బోరబండ బిడ్డ:
మా అమ్మ మోతీనగర్‌ల ఇడ్లీ బండి పెడ్తది. నాన్న పోయినంక ఇల్లంతా దాని మీదనే. ఇడ్లీ పాత్ర అడుగు చిల్లి పడ్డది, రోజూ పిండి ముద్దతో మూసి పొయ్యి మీద పెడ్తది. గిరిగిరి అప్పు 10,000 అంటే చేతికొచ్చింది 8,500, రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలె. వీధి వ్యాపారుల కోసం కేంద్ర సర్కారు పెట్టిన స్వనిధి లోన్ ఇప్పిస్తా, 2,000 ఇయ్యమని ఒకాయన తిరుగుతున్నడు. ఇయ్యాల్నా?

చాయ్ బండి అన్న:
ఒక్క రూపాయి ఇయ్యకు చెల్లె! నేను మొదట 10,000 తీసుకున్న, అది కట్టినంక 20,000, తర్వాత 50,000. ష్యూరిటీ అడగలే. ఇప్పుడు మొదటిది 15,000, రెండోది 25,000 చేసిన్రు. టైముకు కడితే 7 శాతం వడ్డీ రాయితీ ఖాతాల పడ్తది. వీధి వ్యాపారి కార్డు లేకుంటే సిఫారసు లేఖ కోసం మున్సిపల్ సర్కిల్ ఆఫీసుల యూసీడీ (పట్టణ సామాజిక అభివృద్ధి విభాగం) వాళ్ళను అడుగు. ఆధార్‌కు అమ్మ ఫోన్ నంబర్ కలిసి ఉందో లేదో ముందే చూస్కో. నా కాగితం పది రోజులు అక్కడనే ఆగింది.

పొదుపు సంఘం అక్క:
పైసలు రాంగనే గిరిగిరోనికి పోయొద్దు బిడ్డా. ముందు పాత్ర కొను, గిరాకీ పెరిగితే అప్పు అదే తీరుతది. అమ్మను మీ బస్తీ సంఘంల గూడ చేర్పియ్యి. కష్టమొచ్చిన నాడు పదిమంది ఉంటరు.

బోరబండ బిడ్డ:
అన్నా, అక్కా, మస్తు ధైర్యమొచ్చింది. అమ్మ ఆధార్‌కు నాన్న పాత నంబరే ఉంది. రేపు బండి మూసినంక మీసేవకు తీస్కపోత.