కొండపల్లి కొండ మీద దొరికిన మూన్ మాత్ గుడ్లు పెట్టింది, పిల్లల్ని ఎలా బతికించాలి?

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, భవానీపురం. పోయిన ఆదివారం పొద్దున్నే కొండపల్లి ఖిల్లాకి వెళ్తుంటే లైటు స్తంభం కింద మూన్ మాత్ (రాత్రిపూట తిరిగే పెద్ద సీతాకోకచిలుక లాంటిది) పడి ఉంది. ఒక రెక్క సగం చిరిగిపోయింది, చీమలు చేరుతున్నాయి. వదిలెయ్యడానికి మనసొప్పక అట్టపెట్టెలో ఇంటికి తెచ్చాను. ఆ రాత్రే పెట్టె గోడలకి గుడ్లు అంటించింది. లెక్కపెడితే 43.

అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదండి. లేత పిస్తా రంగు రెక్కలు, ముందంచున వంగపండు రంగు గీత, రెక్కకో కంటి మచ్చ, వెనక మెలితిరిగిన పొడుగాటి తోకలు. గబ్బిలం ఆ తోకల్ని పట్టబోయి ఒంటిని వదిలేస్తుందని అమెరికాలో దీని చుట్టం లూనా మాత్ మీద పరీక్షించి తేల్చారు. పెద్దయ్యాక దీనికి తినే నోరుండదు. గొంగళిగా తిన్నదాంతోనే వారం రోజులు బతుకుతుంది. అందుకే పక్కింటి పిన్నిగారు తేనెనీళ్ళు పెట్టమన్నా పెట్టలేదు. నాలుగో రోజు చనిపోయింది.

గుడ్లు పది పన్నెండు రోజుల్లో పగులుతాయి. ఇవాళ ఆరో రోజు. గుంపెన ఆకు తింటాయని తెలుసు. గొల్లపూడి, ఇబ్రహీంపట్నం వైపు గుంపెన చెట్టు ఎక్కడన్నా చూశారా? జామాకుతో పెంచినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా? ఈ ఉక్కకి ఆకు గంటలో వాడిపోతోంది. కొమ్మని నీళ్ళ సీసాలో గుచ్చితే చిన్న పురుగులు జారి నీళ్ళలో పడతాయేమోనని భయం.

ఇంకొకటి. గూడు కట్టేదాకా ఇంట్లో ఉంచాలా, పగలగానే కొండ మీద గుంపెన చెట్టుకి ఎక్కించి రావాలా? నాకు రెండోదే మంచిదనిపిస్తోంది. పెంచి చూసినవాళ్ళు దయచేసి త్వరగా చెప్పండి.