వెబ్ ఆప్షన్ల ముందు డౌట్: కాలేజీ ర్యాంకు చూసి పెట్టేయొచ్చా?

బెజవాడ_నాన్న:
మా అమ్మాయికి ఇంజినీరింగ్ ఎంట్రన్స్ ఈఏపీసెట్‌లో ఓ మాదిరి ర్యాంకు వచ్చింది, ఇక వెబ్ ఆప్షన్లు, అంటే ఆన్‌లైన్‌లో కాలేజీల్ని వరసగా ఎంచుకోవడం, పెట్టాలి. బెంజ్ సర్కిల్ దగ్గర ఏ హోర్డింగ్ చూసినా లక్షల ప్యాకేజీలే, ఒకాయన కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో ఉందంటాడు, ఇంకొకాయన కాలేజీల నాణ్యత చూసే నాక్ ఎ ప్లస్ ఇచ్చిందంటాడు. అసలు లోపల పిల్లలు హ్యాపీగా ఉన్నారో లేదో తెలిసేదెట్టాగండీ?

మాజీ_లెక్చరర్:
నేను ఓ ప్రైవేట్ కాలేజీలో ఆరేళ్లు చెప్పి మానేసినవాణ్ణి. ఎన్ఐఆర్ఎఫ్ ఇంజినీరింగ్ ర్యాంకులో టీచింగ్, వనరులకి 30 శాతం, రీసెర్చ్‌కి 30, పాసైన పిల్లల ఫలితాలకి 20, మిగతాది ఔట్‌రీచ్‌కి (అన్ని రకాల పిల్లలకీ చోటివ్వడం), బయట కాలేజీకున్న పేరుకి. మీ అమ్మాయికి ఫస్టియర్ మ్యాథ్స్ ఎవరు ఎలా చెప్తారో అందులో కనపడదు. అలాగని అది దండగని కాదు, ర్యాంకు కోసం కాలేజీ ఇచ్చిన డేటా పీడీఎఫ్ వాళ్ల సైట్లోనే ఓ మూల ఉంటుంది, అది తెరవండి. ఎంతమంది చేరారు, ఎంతమంది టైముకి పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, మీడియన్ జీతం (అందర్నీ వరసలో పెడితే మధ్యలోవాడిది) ఎంత, అన్నీ ఉంటాయి. పదిమందిలో ఒకడికి 40 లక్షలు, తొమ్మిదిమందికి తలా 3 లక్షలు వస్తే యావరేజ్ 6.7 లక్షలండీ, మీడియన్ మాత్రం 3. హోర్డింగ్ మీద వేసేది ఆ ఒక్కడి ఫొటో! ఫ్యాకల్టీ లిస్టులో చేరిన తేదీలు కూడా చూడండి, సగంమంది మొన్న మొన్న చేరినోళ్లే అయితే ఎందుకో అడగండి.

కృష్ణలంక_కుర్రాడు:
నాక్ గుర్తింపు మొత్తం కాలేజీకి, ఎన్‌బీఏ అనే ఇంకో గుర్తింపు ఒక్కో బ్రాంచికి. మీకు కావాల్సిన బ్రాంచికి ఎన్‌బీఏ ఉందో లేదో చూస్కోండి.

బ్రాడీపేట_థర్డియర్:
అంకుల్, నాక్ వాళ్లు మా పిల్లలకి మెయిల్‌లో సర్వే పంపారు, 20 టిక్కులు పెట్టేవి, ఒకటి రాసేది. మా కాలేజీలో (పేరొద్దులెండి) అందర్నీ ల్యాబ్‌లో కూర్చోబెట్టి, వెనకాల మేడం నిలబడి చూస్తుంటే నింపించారు, ఇంకేం రాస్తాం? అదే ల్యాబ్‌లో మామూలు రోజుల్లో కంప్యూటర్‌కి ముగ్గురం. పొద్దున 7:10కి బస్సెక్కితే ఇల్లు చేరేసరికి సాయంత్రం 6:15, ఇక లైబ్రరీ మొహం చూసేదెప్పుడు? మీరు సాయంత్రం నాలుగింటికి గేటు బయట జెరాక్స్ షాపు దగ్గర నిలబడండి, సెకండియర్ వాళ్లని పట్టుకుని ఈ సెమ్‌లో ఎంతమంది లెక్చరర్లు మారారని అడగండి. కాలేజీ ఎలా ఉందమ్మా అంటే మాత్రం అందరూ బాగుందనే అంటారు.

బెజవాడ_నాన్న:
నిన్న అమ్మాయిని ఓ కాలేజీ గేటు బయట జెరాక్స్ షాపుకి తీసుకెళ్లా. మెకానిక్స్ నోట్స్ బాగుంది, ఎవరిదని అడిగితే జెరాక్స్ కుర్రాడు ‘ఆ సారు పోయినేడే మానేశారండీ, నోట్స్ మాత్రం మేం ఇంకా అమ్ముతున్నాం’ అన్నాడు. ఆ కాలేజీని రెండో ఆప్షన్ నుంచి ఐదుకి దింపా. బస్సు టైమింగ్ అడగడం మర్చిపోయా, మళ్లీ వెళ్లాలి.