ఈ వారం సమస్య: మీసమున్నవాడె మిగుల నేడ్చె

నిర్వాహకుడు: ఆటవెలది పద్యం నాలుగో పాదం ఇది, ముందు మూడు పాదాలూ మీరు రాసి పూరించాలి. మీ–మి యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ ఒక అక్షరం జత కుదరడం) నేనే కుదిర్చి పెట్టాను, ఇక వంక పెట్టకండి. తండ్రీ కొడుకుల మీదే రాయాలి. కోడిపందెంలో ఓడిన మీసాల మీద సంక్రాంతికే గంపెడు పూరణలు వచ్చాయి, చాలు.

అమలాపురం మాస్టారు:

పోరులోన సుతుడు పొలిసెనన్ మాటకు
విల్లు జారె పార్థు వేలి నుండి
కోటి శరములోర్చు గుండెయే పగిలెను
మీసమున్నవాడె మిగుల నేడ్చె

రాజోలు పాఠకుడు: విల్లు జారడం బాగుంది మాస్టారూ. కానీ అభిమన్యుడి సంగతి అర్జునుడికి తెలిసింది సాయంత్రం శిబిరానికి వచ్చాక కదండీ?

మాస్టారు: దారిలోనే కీడు శంకించాడు నాయనా. విల్లు ఇంకా చేతిలోనే ఉంది.

నిర్వాహకుడు: నడక నున్నగా ఉంది. ‘కోటి శరములోర్చు గుండె’ మాత్రం మనందరి అటకల మీదా ఉన్న సరుకే. అసలు అర్జునుడు ఏడిస్తే ఎవరు నవ్వుతారు? ఆ ఏడుపు కాసేపట్లో సైంధవుడి మీద శపథం అయిపోతుంది. ఏడ్చినా పరువు పోని మనిషిని ఎంచుకున్నారు. చిక్కున్న చోటికి వెళ్ళలేదు.

ముమ్మిడివరం కుర్రాడు: మొదటిసారి రాస్తున్నానండి, టెన్షన్‌గా ఉంది.

కొడుకు వరద దూకె, కొబ్బరి మట్టతో
బాదినాడు వీపు పగుల నాన్న
రాత్రి వాత మీద నూనె రాసె తడిమి
మీసమున్నవాడె మిగుల నేడ్చె

నిర్వాహకుడు: మూడో పాదంలో యతి తప్పింది తమ్ముడూ, ‘రా’కి ‘నూ’ కలవదు. రెండు మాటలు అటూ ఇటూ చెయ్యి: ‘రాసె నూనె తడిమి’. గణాలు, అదే గురులఘువుల లెక్క, చెడవు. ‘వరద దూకె’లో ‘లో’ అనే విభక్తి మింగేశావు, పోనీలే.

నిజం చెప్పాలంటే, సమస్యలో ‘మిగుల’ అన్నది పాదం నింపడానికి వేశాను. నువ్వు దానికి పని పెట్టావు. దెబ్బలు తిన్నవాడి కంటే కొట్టినవాడు ఎక్కువ ఏడ్చాడు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదను చూసిన, గోదావరి నడుమ లంక ఊళ్ళ నాన్నలకు, నీళ్ళలో దూకిన కొడుకంటే కోపం కాదు, వణుకు. ఆ మట్టలో ఉన్నది అదే.

మాస్టారు: ‘తడిమి’ చూడండి. దీపం వెయ్యలేదు, కొడుకు లేస్తాడని. నా పద్యం కంటే ఇదే నయం.

రాజోలు పాఠకుడు: నాకు మింగుడు పడలేదండి. నూనె రాస్తే మట్ట దెబ్బ ప్రేమైపోతుందా? నా వీపు మీది వాతలకు ఎవరూ నూనె రాయలేదు.

కుర్రాడు: ప్రేమ అని నేను రాయలేదండి.

రాజోలు పాఠకుడు: అదీ నిజమే. రాసుంటే ఇక్కడే తిట్టేవాణ్ణి.

భీమవరం అక్క:

మంచమందు నున్న మా నాన్న గడ్డము
గీయుచుంటి నేను కేలు వణక
చెంప నిమిరి తాను చిరునవ్వు నవ్వగా
మీసమున్నవాడె మిగుల నేడ్చె

నిర్వాహకుడు: ‘గీయుచుంటి నేను’ అని మొదలుపెట్టి ‘ఏడ్చె’ అంటే ఎలాగమ్మా? ఇంతకీ ఆ మీసం ఎవరిది?

అక్క: గీసింది అన్నయ్యండి. నేను గుమ్మంలో నిలబడి చూశాను. గణాలు కుదరక బ్లేడు నేను లాక్కున్నాను. ఆయ్, మార్చానండి:

గీయుచుండె నన్న కేలు వణక

నాన్న మీసం జోలికి మాత్రం పోలేదు. తడి తుడిచి, దువ్వి వదిలేశాడు.

మాస్టారు: అయితే మీసాలు రెండున్నాయి. ఏడ్చిందెవరమ్మా?