ముసలి రాజుగాడిని ఊళ్లో ఉంచాలా, హైదరాబాద్ తెచ్చుకోవాలా?

ఉద్దానం కుర్రాడు:
మాది పలాస దగ్గర ఉద్దానంలో ఒక పల్లె. నేను ఆరో తరగతిలో ఉండగా కళ్లంలో దొరికాడు రాజుగాడు, నాటు కుక్క, ఇప్పుడు పదమూడేళ్లు దాటాయి. ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చాక నేను ఊరు వెళ్లేది సంక్రాంతికి, మహా అయితే ఇంకోసారి, అయినా ఆటో ఇంకా సందు తిరగకముందే ఎదురొచ్చేస్తాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి కొబ్బరి చెట్లు ఒక్కొక్కటీ ఒరిగిపోతుంటే నాన్న గొలుసు విప్పేశారు, ఎటైనా పోయి బతుకుతాడని. వాడు పోలేదు, అమ్మ మంచం కింద దూరి ఆమె కొంగు పళ్లతో పట్టుకుని తెల్లారేదాకా వదల్లేదు.

ఇప్పుడు నాన్న లేరు. అమ్మకి మోకాళ్లు పనిచేయట్లేదు, ఇంటికి తాళం వేసి నా దగ్గరికి తెచ్చేసుకుంటున్నా. నాది మూడో అంతస్తు ఫ్లాటు. అదే వీధిలో ఉన్న చిన్నాన్న “నా కాడ ఉంచేయ్‌రా, ఇంత చోడి అంబలి పోస్తే పడుంటాడు” అంటున్నారు. వాడికి కళ్లు మసకబారాయి, ఈ వయసులో ఊరు మారితే తట్టుకోగలడా? వదిలేస్తే మమ్మల్ని మర్చిపోతాడా? బాగా టెన్షన్‌గా ఉంది.

రాజాం మాష్టారు:
మర్చిపోతాడన్న భయం పెట్టుకోకు బాబూ. డార్విన్ ఓడ ప్రయాణం చేసి అయిదేళ్ల తర్వాత ఇంటికొచ్చి, కొత్తవాళ్లెవరినీ దగ్గరికి రానివ్వని తన కుక్కని పాత పద్ధతిలోనే కేకేస్తే, అరగంట కిందటే విడిపోయినట్టు వెంట నడిచిందని ఆయనే రాసుకున్నాడు. అమెరికాలో ఎమరీ యూనివర్సిటీ వాళ్లు కుక్కల మెదడుని స్కాన్ చేసి చూస్తే, సంతోషానికి సంబంధించిన భాగం అన్ని వాసనల్లోకీ తెలిసిన మనిషి వాసనకే ఎక్కువ స్పందించింది, ఆ మనిషి ఎదురుగా లేకపోయినా సరే. కళ్లు పోయినా ముక్కు చాలాకాలం పనిచేస్తుంది. కాబట్టి ఊళ్లోనే ఉంచు, అలవాటైన వీధి, అలవాటైన నేల.

బొబ్బిలి కోడలు:
మాష్టారూ, మర్చిపోకపోవడమే కదండీ అసలు బాధ! తమ్ముడూ, ఏమీ అనుకోకు, దొరికింది నీకే అయినా ఇన్నేళ్లూ గంజి పోసిందీ, దెబ్బ తగిలితే పసుపు పెట్టిందీ మీ అమ్మగారు. వాడు ఆవిడ మనిషి. మా మావయ్యగారు వైద్యానికి విశాఖ వెళ్లి కొన్ని నెలలు ఉండిపోతే, మా కుక్క పక్కింట్లో అన్నం తిని వచ్చి తాళం వేసిన మా గేటు దగ్గరే పడుకునేది. జపాన్‌లో హచికో అనే కుక్కని కూడా, పెంచిన ప్రొఫెసర్ 1925లో పోయాక వేరే ఇళ్లకి ఇచ్చారు, అయినా అది ఆయన కోసం ఎదురుచూసే షిబుయా రైల్వే స్టేషన్‌కే పోయేది, 1935లో చనిపోయేదాకా. తిండి పెట్టేవాళ్లు లేక కాదు కదా. అమ్మ ఎక్కడుంటే వాణ్ణి అక్కడ ఉంచండి.

ఆమదాలవలస శీను:
తెచ్చుకుంటే రైలు వద్దు అన్నా. స్లీపర్‌లో, మామూలు ఏసీ పెట్టెల్లో కుక్కని ఎక్కనివ్వరు, ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మనకే దొరకాలి, లేదంటే పార్సిల్ ఆఫీసులో బుక్ చేసి గార్డు పెట్టెలో ఉన్న బోనులో వేయాలి. ఆ చప్పుడు ముసలి ప్రాణం తట్టుకోలేదు. దాదాపు 800 కిలోమీటర్లు ఉంటుంది, కారు మాట్లాడుకుని దారిలో ఒక రాత్రి ఆగండి. ముందే పశువుల డాక్టరుకి చూపించి రేబిస్ టీకా వేయించండి, బయల్దేరే ముందు కడుపు నిండా పెట్టొద్దు, కక్కేస్తాడు. అమ్మగారు కట్టి విడిచిన చీర ఉతక్కుండా వాడి కింద వేయండి. ఇంకో మాట, మూడో అంతస్తు మాత్రం కష్టం, ముసలి కాళ్లకి మెట్లు పనికిరావు, వాడికైనా అమ్మగారికైనా.

ఉద్దానం కుర్రాడు:
అమ్మకి అన్నీ చదివి వినిపించా. “ఆడు రాకపోతే నాను రాను” అనేసింది. కారే మాట్లాడుతున్నా. ఉప్పల్ వైపు కింది వాటా, ముందు కాస్త మట్టి నేల ఉన్న ఇల్లు అద్దెకి ఎవరికైనా తెలిస్తే చెప్పండి, కుక్క ఉందని ఓనరుకి ముందే చెప్తాను.